బెల్లం వండని ఇల్లు

చిత్తూరు,
డిసెంబరు 9

వదినకు, లోకేశ్వరి రాసేది.

కవరు మీద నా చేతిరాత చూసి కంగారుపడి ఉంటావు. అందరం బాగానే ఉన్నాం. పెళ్లికాక ముందు నువ్వు పలమనేరు నుంచి, నేను చిత్తూరు నుంచి ఇన్లాండు కవర్లు రాసుకునేవాళ్లం. ఆ తర్వాత ఉత్తరం రాయడం ఇదే. ఫోను చేస్తే అమ్మకు వినపడదని మీ ఇంట్లో స్పీకరు పెడతారు. ఇప్పుడు రాయబోయేది అమ్మ చెవినా, అన్న చెవినా పడకూడదు. పోస్టు వచ్చేవేళకు అన్న పాత్రల కొట్లో ఉంటాడు, అమ్మ కునుకు తీస్తూ ఉంటుంది. అన్నీ చూసుకునే రాస్తున్నాను.

ముందు పెళ్లి సంగతులు. మా రూపశ్రీకి, మీ బాలచంద్రకు ఫాల్గుణంలో పెట్టుకున్న ముహూర్తానికి మండపం ఖాయమైంది. శుభలేఖ నమూనా వచ్చింది. ఇంకా అచ్చుకు ఇవ్వలేదు.

ఇక శనివారం సంగతి. పెళ్లికి ముందు కాణిపాకం మొక్కు తీరాలని అమ్మ మా దగ్గరకు వచ్చింది కదా. అమ్మ, మా ఆయన, రూప, నేను వ్యానులో వెళ్లాం. దర్శనం బాగా జరిగింది. తిరిగి వస్తుంటే బెల్లం గానుగ దగ్గర ఆపమని అమ్మ పట్టుబట్టింది. వేడి బెల్లం తినాలట. ఆ గానుగ రాజారత్నం అనే రైతుది.

అక్కడ ఇద్దరు తెల్లవాళ్లు కనిపించారు. ఆయనకు గడ్డం ఉంది, మీసం లేదు. ప్యాంటుకు భుజాల మీదుగా పట్టీలు, తలమీద గడ్డి టోపీ. ఆమెకు ముదురు నీలం గౌను, చీలమండల దాకా ఉంది. దానిమీద పువ్వు లేదు, గీత లేదు. జుట్టంతా తెల్ల టోపీలో దోపుకుంది. మెడ బోసి, చెవులు బోసి.

మా ఆయన నా చెవిలో, “క్షవరానికి సగం కూలే ఇచ్చినట్టుండాడు. మీసం గీకించుకోని గడ్డం వదిలేసినాడు” అన్నాడు.

అమ్మకు మెల్లగా మాట్లాడటం రాదు. “మెళ్లో పూస గూడా లేదే! ఈ పిల్ల తాళి యాడబోయింది?” అని గానుగంతా వినేలా అడిగింది.

రూప ఫొటో తీయబోతే ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. రాజారత్నం పరుగున వచ్చాడు. “వద్దు పాపా, వాళ్లు ఫొటోలు దిగరు. ఆమిష్ వాళ్లంట. అమెరికాలో ఉండినా ఇంట్లో కరెంటు పెట్టుకోరంట, గుర్రం బండ్లల్లో తిరుగుతారంట. మా కోమలి పిల్చుకోనొచ్చింది” అన్నాడు.

కోమలి ఆయన కూతురు, వేలూరులో ఒక పెద్దాసుపత్రిలో నర్సు. పుట్టుకతో జబ్బులున్న బిడ్డల తల్లిదండ్రులను అక్కడ ఒకచోట చేర్చి మాట్లాడిస్తున్నారట. తమ అనుభవం చెప్పడానికి ఈ దంపతులు వచ్చారు. ఆమిష్ వాళ్లలో విమానం ఎక్కనివాళ్లే ఎక్కువట. వీళ్ల శాఖ ఎక్కనిస్తుందట. పేర్లు మెర్విన్, లవీనా.

వాళ్ల ఊళ్లో చలి తగ్గే రోజుల్లో ఒక జాతి చెట్టు మానుకు తూటు పొడిస్తే తియ్యటి నీళ్లు కారతాయట. వాటిని ఇలాగే వెడల్పాటి పెనాల్లో కాచి పాకం తీస్తారట. మెర్విన్ చొక్కా చేతులు మడిచి తెడ్డు అందుకున్నాడు. చెరుకు పాలమీద నురగ ఎప్పుడు తీయాలో ఎవరూ చెప్పకుండానే తీశాడు. కూలివాళ్లు కేకలు పెట్టి మెచ్చుకున్నారు. ఆమె మాత్రం పొగ రాని వైపు దూరంగా నిలబడింది.

అమ్మ ఆకులో వేడి బెల్లం పట్టుకుని ఆమె దగ్గరకు పోయింది. “తిను తల్లీ, నోట్లో ఏస్తే కరిగిపోతాది.” ఆమె ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది. అమ్మకు కోపం వచ్చింది. “మన చెయ్యి తగిలిందని తినదేమో, దొరసాని!”

లవీనాకు మాట అర్థం కాకపోయినా కోపం అర్థమైంది. రూపను దగ్గరకు పిలిచి చెప్పింది. రూప మాకు తెలుగులో చెప్పింది.

“మీ తిండి చెడ్డదని కాదు. మా మొదటి ఇద్దరు బిడ్డలు పుట్టిన వారంలోపే పాలు తాగడం మానేశారు. ఇద్దరూ పోయారు. వాళ్ల తడి గుడ్డల్లో ఈ పాకం వాసనే వచ్చేది. ఇది తగిలితే ఇప్పటికీ నా చేతులు గుడ్డలు వెతుక్కుంటాయి.”

అది జబ్బేనట. ఆ చెట్టు పాకం పేరే దానికి పెట్టారట. తల్లిలో సగం, తండ్రిలో సగం దాగి ఉంటుంది, వాళ్లకేమీ కాదు. రెండు సగాలు ఒక బిడ్డలో కలిస్తే తల్లిపాలే ఆ బిడ్డకు విషమవుతాయట. మూడో కొడుకు పుట్టినప్పుడు మంత్రసాని గుడ్డ వాసన చూసి ఆసుపత్రికి పరుగెత్తింది. వేరే పాలు పోశారు. అతనిప్పుడు పెళ్లీడుకొచ్చి గుర్రాలు చూసుకుంటున్నాడు.

“మేము బయటివాళ్లను చేసుకోం. మాలో ఏ ఇద్దరిని పట్టుకున్నా ఎక్కడో ఒక తాత దగ్గర కలుస్తారు” అంది లవీనా. రూప ఈ మాట అమ్మ చెవిలో అరిచింది. అంతకుముందు చెప్పినవేవీ అమ్మకు సరిగ్గా వినపడలేదు, ఇది మాత్రం వినపడింది. ముఖం వెలిగిపోయింది.

“అట్ట సెప్పు! మాదీ అంతేనమ్మా. నా కోడలు నా అన్న కూతురే. ఈ పిల్లను నా మనవడికే చేస్తాండాము. రగతం బయటికి పోనియ్యం!”

రూప సిగ్గుపడుతూ దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. లవీనా నవ్వలేదు. రూప చెయ్యి పట్టుకుని, మీ ఇంట్లో పసిబిడ్డలు పోయారా అని అడిగింది. రూప లేదంది. దానికి తెలియదు కదా. పక్కనే ఉన్న నేను నోరు తెరవలేదు.

వదినా, బాలు కంటే ముందు నీకు ఇద్దరు పుట్టి పోయారు. రెండు కాన్పులూ పలమనేరులో మీ అమ్మ దగ్గరే. రెండుసార్లూ మేము వచ్చేసరికి పూడ్చేశారు. ఫిట్స్ అన్నారు. వాళ్ల గుడ్డల్లో ఏదైనా వాసన వచ్చేదా? ఒక్క మాట రాయి, చాలు.

గానుగ బెల్లం నీకోసం అమ్మతో పంపాను.

లోక


తిరుపతి,
డిసెంబరు 15

లోకా,

ఉత్తరం అందింది. పోస్టుమ్యాను నా చేతిలో పెట్టి, “ఈ కాలంలో గూడా జాబులు రాసేవాళ్లుండారా తల్లీ!” అని నవ్వుకుంటూ పోయాడు. ఎవరు రాశారని మీ అమ్మ అడిగింది. ఎల్లయిసీ వాళ్లన్నాను. ఇకమీదట వచ్చే ఉత్తరాలన్నీ ఎల్లయిసీవే, గుర్తుపెట్టుకో.

అమెరికా నుంచి కరెంటు లేనివాళ్లను వెతికి పట్టుకోవడం నీకే చెల్లింది. మా వీధిలోకి రా, రోజూ మధ్యాహ్నం అందరం ఆమిష్ వాళ్లమే.

మండపం కుదిరినందుకు సంతోషం. రూపకు తలంబ్రాల చీర కనకాంబరం రంగా, ఆకుపచ్చా? నాకు కనకాంబరమే ఇష్టం. మీ ఆయన, చక్రధర్ అన్నను కూడా అడుగు, తర్వాత అలుగుతాడు. బాలు శ్రీసిటీలో ఫ్యాక్టరీకి దగ్గరగా ఇల్లు చూస్తున్నాడు. వంటింటికి కిటికీ ఉండాలని గట్టిగా చెప్పాను.

నీ ప్రశ్న. ఫిట్సే. పసిబిడ్డల గుడ్డల్లో పసిబిడ్డల వాసన రాక ఇంకేమొస్తుంది? ఆ తల్లి బాధ ఆమెది. ఆమె దేశం, ఆమె చెట్టు, ఆమె జబ్బు. మన చిత్తూరు జిల్లాలో ఆ చెట్టే లేదు. పెళ్లి పెట్టుకుని ఇవేం మాటలు లోకా?

బెల్లం అందింది. చీమలు పడతాయని పక్కింటి సుబ్బులమ్మకు ఇచ్చేశాను. నీ ఉత్తరం పొయ్యిలో వేశాను. ఇదీ వేసెయ్.

జయంతి


చిత్తూరు,
డిసెంబరు 20

వదినా,

నీ ఉత్తరం పొయ్యిలో వేయలేదు. మరోసారి చదివాను. నాలుగు మాటల్లో తీరిపోయే జవాబును చీరలతో, కిటికీలతో చుట్టి రాశావు. నువ్వు భయపడినప్పుడే ఎక్కువ నవ్విస్తావు.

నాకు గుర్తున్నవి రాస్తాను, తప్పుంటే చెప్పు. మీ ఇంట్లో పాయసం ఎప్పుడూ చక్కెరతోనే. అత్తిరసాలకు ఇంట్లో పాకం పట్టవు, కొట్లో కొంటావు. కాణిపాకం ప్రసాదం తెచ్చిస్తే కళ్లకద్దుకుని అమ్మ చేతిలో పెడతావు. “మా అన్న కూతురై ఉండీ పాకం తిప్పను రాదు” అని అమ్మ నిన్ను ఇన్నేళ్లుగా దెప్పుతూనే ఉంది. నువ్వు తల వంచుకుని నవ్వుతావు.

కానీ నాకు పాకం నేర్పింది నువ్వే. పెళ్లికి ముందు, పలమనేరు ఇంట్లో. నీళ్ల గిన్నెలో చుక్క వేసి, వేలితో ఉండ కట్టి, ఆ ఉండను పళ్లెం మీద కొట్టి టంగుమనిపించావు. “ఈ సద్దొస్తే దించెయ్యాల” అన్నావు. అంత వచ్చిన పని ఎలా మరచిపోయావు? ఎప్పుడు మరచిపోయావు?

నిన్న వేలూరు వెళ్లాను. ఇంట్లో చీరలకని చెప్పాను. కోమలి నన్ను లవీనా దగ్గర కూర్చోబెట్టి, మా ఇద్దరి మాటలూ అటూ ఇటూ చెప్పింది. రక్తం పరీక్ష చేస్తే సగం ఉన్నదీ లేనిదీ తెలుస్తుందట. భార్యాభర్తల్లో ఒక్కరికే ఉంటే బిడ్డలకు ఆ జబ్బు భయం లేదు. ఇద్దరికీ ఉంటే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు భయం. నీ బిడ్డలకు వచ్చింది ఇదే అయితే అన్నలో ఉన్నట్టు. అన్నలో ఉంటే నాలోనూ ఉండొచ్చు. నాలో ఉంటే రూపలో ఉండొచ్చు. బాలులో ఉండే అవకాశమే ఎక్కువ.

శుభలేఖలు అచ్చుకు ఇవ్వకుండా ఆపాను. అక్షరం తప్పులున్నాయని ఆయనతో చెప్పాను. ఎన్నాళ్లు దిద్దగలను?

ఉన్నది రాయి వదినా.

లోక


తిరుపతి,
డిసెంబరు 28

లోకేశ్వరీ,

పాకం సంగతి ఎత్తావు. విను అయితే.

మొదటిది ఆడపిల్ల. తల నిండా జుట్టు. మూడు రోజులు బాగా తాగింది. ఆ తర్వాత రొమ్ము పట్టలేదు. ఏడుపు సన్నబడిపోయింది. ఎత్తుకుంటే విల్లులా వెనక్కి వంగిపోయేది. గుడ్డ మారుస్తుంటే పాకం వాసన వచ్చింది. ఎవరో వంటింట్లో పాకం పెట్టారనుకున్నాను. లేచి వెళ్లి చూస్తే పొయ్యి ఆరిపోయి ఉంది. మా అమ్మకు చెబితే సంతోషపడింది. “లచ్చిమి పుట్టింది లేవే, అందుకే ఆ వాసన” అంది. ఆ లక్ష్మి వారం తిరగకుండానే పోయింది.

రెండోవాడికీ అదే వాసన వచ్చింది. ఈసారి మా అమ్మ సంతోషపడలేదు. తలుపు మూసింది. “నోరెత్తొద్దు జయా. నాగులమ్మ నాకు ఆడబిడ్డే గానీ నీకు అత్త. నీ కడుపులో దోసముండాదని తెలిస్తే కొడుక్కి ఇంగో పిల్లను తెస్తాది” అంది. ఇద్దరికీ ఫిట్స్ అని చెప్పించింది ఆమే. మీరు బస్సు దిగి వచ్చేలోపు గుడ్డలన్నీ పెరట్లో కాల్చేసింది. కాలేటప్పుడు కూడా అదే వాసన. ఆ రోజు నుంచి నా పొయ్యిమీద బెల్లం లేదు.

బాలు పుట్టాక ప్రతి గుడ్డా ముక్కు దగ్గర పెట్టుకునేదాన్ని. వాడికి నడక వచ్చేదాకా. మీ అమ్మ చూసి, “దీనికి మతి చెడిందిరా” అని మీ అన్నతో చెప్పింది. మీ అన్న నవ్వాడు. ఆయన ఆ ఇద్దరినీ కళ్లారా చూడలేదు.

ఉన్నది రాయమన్నావు, రాశాను. ఇప్పుడు నామాట విను. నా కొడుకు నెత్తురు పరీక్షకు పంపను. ఆ మాట బయటికి పొక్కితే వాడికి పిల్లను ఎవరిస్తారు? సొంత మేనత్తవు, నువ్వే వెనకాడుతున్నావు. నీ కూతుర్ని నువ్వు కాపాడుకుంటున్నావు. నా కొడుకును నేను కాపాడుకోవద్దా? మీ అమ్మ ఇప్పుడు నన్ను ఏమంటుందో, మీ అన్న ఏం చేస్తాడో నువ్వు ఆలోచించావా? ఆయన ఏం చేసినా తోడబుట్టినవాడు కనుక నీకు అన్నే. నాకు ఆయన ఇల్లే దిక్కు.

రూప ఈ ఇంటికి వస్తుందని నేను చిన్నప్పటి నుంచి ఆశపడ్డాను. ఆ ఆశకు కూడా దోషం ఉందంటావేమో.

ఇక రాయకు.

జయంతి


చిత్తూరు,
జనవరి 6

వదినా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే చదివాను. కుక్కరు కూతలు ఎన్ని వేసిందో చూసుకోలేదు, పప్పు అడుగంటింది. మా ఇంట్లో అలా ఎప్పుడూ జరగలేదు. ఆ రెండుసార్లూ బస్సు దిగి వచ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను. పెరట్లో పొగ చూశాను. నీళ్లు కాగుతున్నాయనుకున్నాను.

రూపకు చెప్పాను. దానికి చెప్పకుండా ఉండే హక్కు నాకు లేదు. అది ఏడవలేదు. “బావకు తెలీకుండా నేను పీటలమీద ఎట్ట కూచునేదిమా? రేపు ఆయన నా మొగం చూసి అడిగితే ఏం చెప్పేది?” అంది. మేమిద్దరం వేలూరు వెళ్లి దాని రక్తం ఇచ్చి వచ్చాం. బాలుకు ఫోను చేయబోతే ఆపాను. నువ్వు చెప్పాలి, అది కాదు.

శుభలేఖల కోసం ఆయన రోజూ అడుగుతున్నాడు. “ఎన్ని తప్పులుండాయే దాంట్లో, భారతం అచ్చేస్తాండామా?” అన్నాడు నిన్న. ఇక ఆపలేను. ఈ నెల సగం అయ్యేలోపు నువ్వు బాలుకు చెప్పకపోతే నేను చెబుతాను. అన్నకూ చెబుతాను. ఇది బెదిరింపే. మెత్తగా రాయడం నాకు చేతకావడం లేదు.

నన్ను తిట్టుకో. కానీ ఒకటి ఆలోచించు. రూప నీ ఇంటికి వస్తుంది. ఒకరోజు తడి గుడ్డ పట్టుకుని నీ దగ్గరకు వచ్చి, అత్తా, ఇదేం వాసన అని అడుగుతుంది. అప్పుడు నువ్వు ఏం చెబుతావు? పొయ్యిమీద పాకం ఉందని చెబుతావా?

లవీనా వాళ్లు తమ ఊరికి వెళ్లిపోయారు. వెళ్లేముందు నన్ను ఒక్కటే అడిగింది, మీ వదిన బిడ్డల పేర్లేమిటని. పేరు పెట్టకముందే పోయారన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. తల్లి పెట్టుకునే ఉంటుంది, అడుగు అంది. వాళ్లింట్లో రోజూ భోజనాల ముందు తల వంచి కూర్చుంటారట. అప్పుడు తన ఇద్దరి పేర్లూ మనసులో అనుకుంటుందట. నీ ఇద్దరినీ కూడా కలుపుకుంటానంది. ఫోను వాడరు కనుక ఇంటి అడ్రసు రాసిచ్చింది.

లోక


తిరుపతి,
జనవరి 17

లోకా,

నువ్వు పెట్టిన గడువు దాటకముందే చెప్పాను. నీ బెదిరింపుకు కాదు. ఆ గుడ్డ మాటకు.

బాలును సెలవు పెట్టించి వేలూరు బస్సెక్కించాను. బస్సులోనే చెప్పాను. ఇంట్లో అయితే నోరు పెగలదు. బస్సులో నలుగురి మధ్య ఉంటే ఏడుపు ఆపుకోవచ్చు. పాకాల దాటేదాకా మాటలు కూడగట్టుకుని, తర్వాత ఒక్క గుక్కలో చెప్పేశాను. వాడు నన్నే చూశాడు.

“ఇంతేనామా? నీ వాలకం జూసి, నాకు తెలీకుండా నాకు ముందే ఒక పెండ్లి చేసుంటావేమో అనుకుంటి” అన్నాడు.

నవ్వాను. వాడూ నవ్వాడు. చిత్తూరు దగ్గర పడుతుండగా మెల్లగా అడిగాడు. “నాకు అక్క ఉండిందా మా? అన్న గూడానా? ఇన్నాళ్లూ నేనొక్కడినే అనుకుంటి గదా.” అప్పుడు ఏడుపు ఆగలేదు. పక్క సీటు ముసలామె నాకు తన నీళ్ల సీసా ఇచ్చింది. మీ ఊరి బస్టాండులో బస్సు ఆగితే దిగి నీ దగ్గరకు రావాలనిపించింది. కోపం ఇంకా ఉంది. దిగలేదు.

కోమలి దగ్గరుండి రక్తం తీయించింది. ఫలితానికి కొన్ని వారాలు పడుతుందంది.

మీ అన్నకు కొట్లోనే చెప్పాను, గిరాకీ లేని వేళ చూసి. ఆయన చేతిలో స్టీలు బిందె ఉంది. నేను చెప్పినంతసేపూ దాన్ని గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. అరుస్తాడనుకున్నాను. మీ అమ్మను పిలుస్తాడనుకున్నాను. కడుపులో దోషమనే మాట ఎప్పుడు వస్తుందా అని చూస్తూ నిలబడ్డాను. సగం ఆయనది కూడా అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

“నాకు యాల సూపించలేదు?” అన్నాడు.

“వాసనా?”

“బిడ్డల్ని.”

అంతే. బిందె కింద పెట్టి బయటికి పోయాడు. అప్పటి నుంచి నాతో మాట లేదు. అన్నం పెడితే తింటాడు, లేస్తాడు. మీ అమ్మకు ఇంకా ఏమీ తెలియదు. వీడెందుకు మూగవాడయ్యాడని నన్ను అడుగుతోంది. ఈ ఇంట్లో రేపు నేనెక్కడ ఉంటానో తెలియదు లోకా. నువ్వు కోరింది జరిగింది.

జయంతి


చిత్తూరు,
ఫిబ్రవరి 12

వదినా,

ఫలితాలు నీకు తెలిసినవే. బాలులో ఉంది. రూపలోనూ ఉంది. సోమవారం అమ్మ ముందు నీకు వివరంగా చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను.

కాగితం చేతికి ఇచ్చేటప్పుడు డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని మాట్లాడింది. “పెళ్లి చేసుకోవద్దని నేను అనను. కడుపులో ఉండగానే పరీక్ష చేయొచ్చు. పుట్టగానే కనిపెట్టి వేరే పాలు పోస్తే బిడ్డను దక్కించుకోవచ్చు. కష్టమే, కానీ దారి ఉంది. తెలిసి చేసుకోండి, లేదా తెలిసి మానుకోండి” అంది. పిల్లలిద్దరూ అన్నీ అడిగారు. నేను రాసుకున్నాను.

ఆదివారం బాలు మా ఇంటికి వచ్చాడు. ఇద్దరూ మిద్దెమీదికి వెళ్లారు. కింద నేను, మా ఆయన చెరో గదిలో కూర్చున్నాం. చీరలకని చెప్పి వేలూరు వెళ్లినందుకు ఆయన నాతో మాట్లాడటం లేదు. “నీ లెక్కల్లో నేను యాడ రాసుండాను?” అని ఒక్కమాట అన్నాడు, అంతే.

వాళ్లు దిగి వచ్చారు. రూప నేరుగా నా దగ్గరకు వచ్చింది. “వద్దనుకున్నాము మా. నేను చేసుకుంటే రోజూ భయంతో లేస్తాను. బావ భయపడనట్టు నటిస్తాడు. ఇద్దరికీ చాతగాదు” అంది. బాలు గుమ్మంలోనే నిలబడ్డాడు. “శుభలేఖలో తప్పులన్నీ దిద్దేసినట్టే గదత్తా!” అన్నాడు. నవ్వించడం నీ నుంచే వచ్చింది వాడికి. వెళ్లేముందు వాడికి రూప అన్నం పెట్టింది. వాడు పోయాక గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

సోమవారం నేనే తిరుపతి వచ్చి అమ్మకు చెప్పడం నువ్వు చూశావు. నువ్వు వంటింట్లోకి వెళ్లిపోయిన తర్వాత జరిగింది నీకు తెలియదు. మొత్తం చెవిలో అరిచి చెప్పాక అమ్మ తన చేతులు చూసుకుంది. నిన్నేమైనా అంటుందేమోనని నేను కాచుకుని ఉన్నాను. “నా అన్న కూతుర్ని నేనే గదే అడిగి తెచ్చుకునింది. దాని నోరు మూయించింది నేనంటే ఉండే బయమే గదా” అంది. నిన్ను ఇంకో మాట అనలేదు. దాని మతి చెడిందని అన్నానే అని మాత్రం రెండుసార్లు అనుకుంది.

మన ఇద్దరి ఇళ్లలోనూ మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. రూప సరిగ్గా తినడం లేదు. నేను చేసింది సరైనదో కాదో ఏ పుస్తకంలో తీసి చూసుకోవాలో నాకు తెలియడం లేదు.

లవీనా దగ్గర నుంచి చిన్న ఉత్తరం వచ్చింది. రూప చదివి చెప్పింది. వాళ్లకిప్పుడు చెట్ల నీళ్లు కాచే రోజులు వస్తున్నాయట. మెర్విన్ అందరికీ రాజారత్నం గానుగ గురించి చెబుతున్నాడట. చివర మళ్లీ అదే అడిగింది, పేర్లు దొరికాయా అని.

లోక


తిరుపతి,
మార్చి 8

లోకా,

ఇవాళ ముహూర్తం రోజు. నీకూ గుర్తుండే ఉంటుంది. రూప ఎలా ఉంది? కనకాంబరం చీర దానికే పంపుతున్నాను. దాని పెళ్లికి, అది ఎవరిని చేసుకున్నా, అదే కట్టుకోవాలి. అత్తగా అడుగుతున్నానని చెప్పు.

మొన్న పొద్దున మీ అన్న కొట్టు తెరవలేదు. చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, “పలమనేరు పోదాం రా” అన్నాడు. నెలన్నర తర్వాత నాతో అన్న మొదటి మాట అది. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం.

మా నాయన చేను ఎప్పుడో అమ్మేశాం కదా. ఇప్పుడు అక్కడ టమాటా వేశారు. గట్టు మాత్రం అలాగే ఉంది. మీ అన్న గట్టు కింద చెప్పులు విడిచాడు. “ఏ పక్క?” అన్నాడు. చూపించాను. “ఇద్దరూ ఈడేనా?” అన్నాడు. తల ఊపాను. ఎండలో అలాగే నిలబడ్డాడు. టమాటాలు కోస్తున్న కూలివాళ్లు మమ్మల్ని చూసి, చేను కొనడానికి వచ్చామనుకున్నారు. ఒకామె, “నీళ్లు బాగుంటాయి సామీ, బోరు పదేళ్లాయె ఎండలేదు” అని కూడా చెప్పింది. మీ అన్న ఆమెకు దండం పెట్టాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా సంచి తన ఒళ్లో పెట్టుకున్నాడు.

నీమీద కోపం పోలేదు. కొంత ఉంటుంది. ఉండనీ. నువ్వు రాయకపోతే నేను చచ్చేదాకా పాకం రానిదాన్నే.

ఇవాళ ముహూర్తం వేళకు ఇల్లు భరించలేకపోయాను. సుబ్బులమ్మ దగ్గర బెల్లం అడిగి తెచ్చి పొయ్యిమీద పెట్టాను. వాసన లేచింది. లవీనా చెప్పింది నిజమే, చేతులు గుడ్డలు వెతుక్కుంటాయి. గరిటె గట్టిగా పట్టుకున్నాను. నీళ్లలో చుక్క వేసి, ఉండ కట్టి, పళ్లెం మీద కొట్టాను. టంగుమంది. మీ అమ్మకు ఫోను మోగితే వినపడదు, అది వినపడింది. గోడ పట్టుకుని వంటింటి దాకా వచ్చి గుమ్మంలో కూలబడింది. చెయ్యి చాపింది. ఉండ ఆమె చేతిలో పెట్టాను.

లవీనాకు రాయి. అమ్మాయి పేరు కుముద. అబ్బాయికి మా నాయన పేరు, చిన్నబ్బ. ఇన్నేళ్లలో బయటికి అనడం ఇదే మొదలు. పొయ్యి దగ్గర మీ అమ్మ చెవిలో రెండుసార్లు అరిచి చెప్పాను, మీ అన్నకు కూడా వినపడింది.

రూపతో ఇంగ్లీషులో రాయించు. పోస్టులో వేసేముందు నువ్వు ఒకసారి చూడు. అక్షరం తప్పులు ఉండకూడదు.

జయంతి